పికప్ వాహనాల ముందు సస్పెన్షన్ సర్దుబాటు

పికప్ వాహనానికి తయారీదారు అమర్చిన వాటికన్నా పెద్ద టైర్లు బిగించుటకై ముందు భాగపు ఎత్తును పెంచు ప్రక్రియను ముందు సస్పెన్షన్ సర్దుబాటు అంటారు. వరంగల్ నుండి 163వ జాతీయ రహదారి ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు సాగుతుంది. అటువంటి ప్రాంతాల మట్టిదారులలో వాహనపు అడుగుభాగం నేలకు ఎత్తుగా ఉండుట ఉపయోగకరం.

విధానం

ఇది స్ప్రింగు రకాన్ని బట్టి ఉంటుంది. 2002లో వచ్చిన మొదటి తరం ఇసుజు డి-మాక్స్ నాలుగు చక్రాల డ్రైవ్ రకంలో టార్షన్ బార్ అను మెలితిరిగే ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని సర్దుబాటు బోల్టును బిగిస్తే ముందు భాగం పైకి లేస్తుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ఉత్పత్తి మొదలైన డి-మాక్స్ వి-క్రాస్‌లో చుట్ట స్ప్రింగులు ఉన్నందున స్పేసర్లు గాని, పొడవైన స్ప్రింగులు గాని అమర్చాలి. ఏ పద్ధతిలోనైనా చక్రాల కోణాలు మారతాయి కనుక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

ఫలితాలు

245/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 749 మి.మీ., 265/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 777 మి.మీ. ఈ మార్పుతో ఇరుసు 14 మి.మీ. పైకి లేస్తుంది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా దాదాపు 4 శాతం తక్కువ చూపుతుంది. గరిమనాభి పైకి జరుగుటచే, బరువుతో మలుపు తిరుగునపుడు బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా రిజిస్ట్రేషను వివరాలు మారునట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని ధ్రువీకరించింది. అదే సంవత్సరపు సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని విధించవచ్చు.