అప్పుకు ఏది పూచీ?

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగాడు: "మాస్టారూ, మా అయ్య పట్టా పట్టుకుని వెళ్తే బ్యాంకులో అప్పు ఇవ్వలేదు. 1/70 భూమి తనఖాకు పనికిరాదన్నారట. నిజమేనా?"

జవాబు కోసం నేను 1879 రంప పితూరీ దాకా వెళ్లాల్సి వచ్చింది. పితూరీ అనగానే కల్లు పన్ను, పోలీసుల జులుం చెబుతాం. కోర్టుల సంగతి చెప్పం. మైదానం వర్తకులు కొండవాళ్లకు చిన్న బాకీలిచ్చేవారు. కింది కోర్టులో దావా వేసి, వీళ్లు హాజరు కాకుండానే డిక్రీ తెచ్చి, ఉన్నదంతా పట్టుకుపోయేవారు. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల సొత్తు పోయిందని దొరలు రాసిన గోదావరి జిల్లా గెజిటీరే చెబుతుంది. సమన్లు చదివేవాడు ఊళ్లో ఒక్కడుంటేనా!

గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు మద్రాసు ప్రభుత్వం 1917లో వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు. చక్రవడ్డీ చెల్లదు. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా కొండజాతివాడి భూమి బయటివాడికి తనఖా పెట్టినా చెల్లదు. డబ్బు డిక్రీ చేతిలో ఉన్నా, ప్రభుత్వ నియమాలు ఒప్పుకుంటే తప్ప ఆ భూమిని జప్తు చేసి అమ్మడానికి లేదు. అన్నిటా ముందుండే షావుకారును మొదటిసారి వెనక వరుసలో నిలబెట్టిన చట్టం అది.

మరి షావుకారు ఊరుకున్నాడా? భూమి దక్కకపోతే పంట మీద పడ్డాడు. మా తాత పసుపు తవ్వకముందే అది ఇంకొకరిది అయిపోయేది. సంతలో కావడి దించకముందే తూకం వేసేవాడు వచ్చి నిలబడేవాడట. పంట మీద మొదటి హక్కు అతనిది, మిగిలితే మాది. దానికి కాగితం లేదు, కాబట్టి ఏ చట్టానికీ చిక్కలేదు.

తర్వాత 1959 నిబంధన వచ్చింది, 1963లో తెలంగాణకూ వర్తించింది. దాన్నే 1970లో గట్టి చేశారు. మనం 1/70 అనేది దీన్నే. గిరిజనేతరుల మధ్య బదలాయింపు కూడా ఆగిపోయింది.

పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఆ మరుసటి ఏడాది సవరణలో ఉంది. సహకార సంఘానికి, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకు, స్వాధీనం ఇవ్వకుండా గిరిజనుడు భూమి తనఖా పెట్టవచ్చు. బాకీ తీరకపోతే దాన్ని గిరిజనులకే అమ్మాలి. అంటే తలుపు మూసి లేదు. కాకపోతే వేలం పాడేందుకు మనవాళ్ల దగ్గర డబ్బేదీ? బ్యాంకువాళ్ల అసలు భయం అది. ఆ భయం చెప్పుకోలేక చట్టం పేరు చెబుతారు.

ఆ సవరణ సారాంశం తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. వాళ్ల అయ్య దాన్ని మడిచి పట్టా పుస్తకంలో పెట్టుకున్నాడు. సోమవారం మళ్లీ వెళ్తానన్నాడు, నన్నూ రమ్మన్నాడు.