లాగిన్ తెర వెనకాల మూడు వరుసలు

2016లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి మార్కెట్లలో నిజామాబాద్ పసుపు యార్డు ఒకటి. ముప్కాల్ లాంటి ఊళ్ల నుంచి ఆ యార్డుకు చేరే కొమ్ముల ధర అప్పటినుంచి కంప్యూటర్ తెర మీద తేలుతోంది. అది చూశాక ఇంటి లెక్కలు కూడా కంప్యూటర్లో, అదీ తెలుగులో రాసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పాత మిషన్‌లో లినక్స్ ఎక్కించి, తెలుగు ఫాంటూ కీబోర్డు లేఅవుటూ పెట్టుకున్నాక కూడా ఒక్కోసారి ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. లాగిన్ అయినప్పుడు సెషన్‌కు అందాల్సిన కొన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అందకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. వాటిని ఎక్కడ రాయాలన్నది లినక్స్ డెస్క్‌టాప్ చరిత్ర పొడవునా మారుతూ వచ్చిన సంగతి.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఏర్పాటు 1979లో, బెల్ ల్యాబ్స్ వారి ఏడో వెర్షన్ యూనిక్స్‌తో వచ్చింది. ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని మొదలుపెట్టేటప్పుడు తన దగ్గరున్న పేర్లనూ విలువలనూ దానికి నకలు తీసి ఇస్తుంది. పంపకం పైనుంచి కిందికే. తల్లి ప్రోగ్రాంలో తర్వాత చేసిన మార్పు అప్పటికే నడుస్తున్న పిల్లకు చేరదు. అప్పట్లో లాగిన్ అంటే టెర్మినలే. షెల్ లేచి డాట్ ప్రొఫైల్ ఫైలు చదివేది, ఆపై నడిచేవన్నీ ఆ షెల్ సంతానమే. అక్కడ ఒక్క వరుస రాస్తే చాలు.

1987లో బొమ్మల తెరను నడిపే ఎక్స్11, మరుసటి ఏడాది దాని లాగిన్ మేనేజర్ ఎక్స్‌డీఎం వచ్చాయి. లాగిన్ బొమ్మల తెర మీదికి మారింది, మధ్యలో ఉండాల్సిన లాగిన్ షెల్ పోయింది. చిక్కంతా అక్కడ మొదలైంది. డాట్ ప్రొఫైల్ చదివేవారే లేకపోవడంతో జనం డాట్ ఎక్స్‌సెషన్‌లో రాయడం నేర్చుకున్నారు. కేడీఈ, గ్నోమ్ డెస్క్‌టాప్‌లు తమ సొంత లాగిన్ మేనేజర్లను తెచ్చుకున్నాక ఏది ఏ ఫైలు చదువుతుందో డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి ఉండేది. లాగిన్ తనిఖీ చూసే పామ్ వచ్చాక ఈటీసీ డైరెక్టరీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైలు కొంత ఆదుకుంది. అయితే అది షెల్ స్క్రిప్టు కాదు, షెల్ ఆదేశాలు అందులో నడవవు.

తెలుగువాళ్లకు ఇది పక్కకు నెట్టేయగల విషయం కాదు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే మన లిపికి చోటు దక్కింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్‌ను జనంలోకి తెచ్చింది. 2009లో ఫెడోరా 11 ఐబస్‌ను ప్రధాన టైపింగ్ వ్యవస్థగా తీసుకుంది. కీబోర్డు పద్ధతి ఇన్‌స్క్రిప్ట్ అయినా ఆర్‌టీఎస్ అయినా ఐబస్ ద్వారా అన్ని అప్లికేషన్లకూ చేరాలంటే జీటీకే ఐఎం మాడ్యూల్, క్యూటీ ఐఎం మాడ్యూల్, ఎక్స్ మాడిఫయర్స్ అనే మూడు వేరియబుల్స్‌లో ఐబస్ పేరు ఉండాల్సి వచ్చేది. లోకేల్ చెప్పే లాంగ్ వేరియబుల్ వేరే; అది తెలుగుకు మారినంత మాత్రాన టైపింగ్ రాదు. ఆ మూడు వరుసలనూ సెషన్ మొదట్లోనే పెట్టే పనిని డెబియన్‌లో ఐఎం-కాన్ఫిగ్, ఫెడోరాలో ఐఎం-సెట్టింగ్స్ తీసుకున్నాయి. మెనూల అనువాదానికి దక్కిన మెప్పు ఈ చిన్న స్క్రిప్టులకు దక్కలేదు. తెలుగు టైపింగ్‌ను మామూలు వాడుకదారు చేతికి అందించింది ఇవి కూడానని నా గట్టి నమ్మకం.

2016 నవంబరులో ఫెడోరా 25 ఎక్స్ బదులు వేలాండ్‌ను గ్నోమ్‌కు డిఫాల్ట్ చేసింది. ఎక్స్ కోసం రాసిన స్టార్టప్ స్క్రిప్టులకు వేలాండ్ సెషన్‌లో పని లేకపోయింది. గ్నోమ్ 2012లోనే, 3.6 వెర్షన్‌తో, ఐబస్‌ను తనలో కలుపుకోవడం వల్ల తెలుగు టైపింగ్‌కు పెద్ద దెబ్బ తగల్లేదు. మిగతా వేరియబుల్స్‌కు కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. 2017లో, లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీ 233వ వెర్షన్ ఆ చోటు చూపించింది: హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద ఎన్విరాన్‌మెంట్ డాట్ డి అనే ఫోల్డరు, అందులో కాన్ఫ్ అనే తోకతో ఫైలు. 2019లో గ్నోమ్ 3.34 సెషన్ భాగాలను సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్ చేత నడిపించసాగింది కాబట్టి అక్కడ రాసినవి ఇక నేరుగా అందుతాయి. ఆ పక్క ఏడాది లినక్స్ పామ్ 1.5, భద్రత దృష్ట్యా, హోమ్‌లోని డాట్ పామ్ ఎన్విరాన్‌మెంట్ ఫైలు చదవడాన్ని మానుకోదగ్గ పద్ధతుల్లో చేర్చింది. వేరియబుల్స్‌ను ఆ ఫైలులో రాయమనే పాత పుస్తకాల సలహా ఇప్పుడు నమ్మకంగా పనిచేయకపోవడానికి కారణం అదే.

కేడీఈ ప్లాస్మాలో డాట్ కాన్ఫిగ్ కింద ప్లాస్మా-వర్క్‌స్పేస్ ఫోల్డరులోని ఎన్వ్‌లో స్క్రిప్టు పెట్టే దారి ఇంకా ఉంది. వేలాండ్ మీద మాత్రం జీటీకే, క్యూటీ వరుసలు తీసేసి, సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డు పేజీలో ఐబస్‌ను ఎంచుకోవడమే మేలు. ఏ ఫైలులో మార్పు చేసినా పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ రావాలి. సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్ ఇంకా నడుస్తుంటే మిషన్‌ను రీస్టార్ట్ చేయాలి.