గేదె ఎవరి పేరున?

నేను చెరుకుపల్లి కాపురానికి వచ్చిన ఏడాదే ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో సముద్రం ఊళ్ళకు ఊళ్ళనే మింగేసింది. మాది సముద్రానికి దూరం. నీళ్ళు రాలేదు గానీ గాలి వచ్చింది. తాడిచెట్టు విరిగి పాకమీద పడింది. తెల్లారి చూస్తే మా అత్తగారి చూడిగేదె ఇక లేవలేదు.

ఆ ఉప్పెనలో మనుషులే పదివేలమంది దాకా పోయారు. గొడ్లయితే రెండు లక్షలకు పైమాటే. అలాంటప్పుడు ఒక్క గేదె కోసం ఏడిస్తే నలుగురూ నవ్వరూ? అందుకని అత్తగారు దొడ్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చేవారు. మా ఆడబడుచు స్కూలు ఫీజు దగ్గర్నుంచి ఇంట్లో ఉప్పూ పప్పూ దాకా ఆ గేదె పాలమీదే నడిచేవి మరి!

గొడ్డు పోయిన రైతుకు సర్కారు చెయ్యి అందించడం కొత్తేమీ కాదు. దొరల కాలంలో, 1884లోనే, విత్తనాలకీ పశువులకీ డబ్బిచ్చే చట్టం చేశారు. దాన్ని తక్కావి అనేవారు. కాకపోతే అది అప్పు, వడ్డీతో సహా కట్టాలి. పూచీ అడిగితే పల్లెలో చూపించేది పొలాన్నేగా! పొలం అంటే మగవాళ్ళు. గేదెకు కుడితి పెట్టేదెవరో ఏ చట్టమూ అడగలేదు.

ఉప్పెన తర్వాత మా ఇంటికీ ఒకాయన జాబితా పట్టుకొచ్చాడు.

"పట్టా ఎవరి పేరునమ్మా?"

"గేదెకు పట్టా ఏంటి నాయనా? పాలు పితికేదాన్ని నేను, నా పేరు రాసుకో" అన్నారు అత్తగారు.

ఆయన నవ్వి మావగారి పేరు రాసుకున్నాడు. వచ్చిన డబ్బు ఎరువుల బాకీకి పోయింది. మావగారు చెడ్డవారని కాదు సుమండీ, బాకీ కూడా నిజమే. దొడ్డి మాత్రం రెండేళ్ళు ఖాళీగా ఉంది.

1990 నుంచి కేంద్రం, రాష్ట్రాలు కలిసి విపత్తు నిధి పెట్టుకున్నాయి. 2022లో సవరించిన లెక్కలో పాడిగేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, గొర్రెకు 4,000. ఇంటికి మూడు పెద్ద పాడిపశువుల వరకే. మంచి ముర్రా గేదె ఆ సొమ్ముకు దొరకదు. అయినా ఇది అప్పు కాదు, అదే మేలు. చిక్కల్లా, చచ్చిపోయిందని అధికారి ధ్రువీకరించాలి. దివిసీమలో సముద్రంలోకి కొట్టుకుపోయిన గొడ్డును ఎవరు తెచ్చి చూపిస్తారు చెప్పండి!

ఉప్పెన తర్వాత గాలివాన అంటే చాలు, అత్తగారు ముందు పలుపు విప్పేసేవారు. కట్టేసిన గొడ్డు ఎక్కడికి పారిపోతుంది పాపం? ఆవిడ పోయాక ఆ పని నాకొచ్చింది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం మా కోడలు సెల్‌ఫోనుతో గేదెను ఫొటో తీస్తోంది.

"ఎందుకే?"

"చెవికున్న నంబరు కనబడాలి అత్తయ్యా. రేపు ఏదన్నా అయితే అడుగుతారు."

"ఆ నంబరు ఎవరి పేరునుంది?"

కాస్త ఆలోచించింది. "మీ అబ్బాయి పేరునే. తుపాను వెలిశాక మార్పిస్తాలెండి" అంటూ వంగి పలుపు విప్పింది.