వాకిట విడిచిన పాదరక్షలు

అమీర్‌పేట, పంజాగుట్టల నుండి బయలుదేరి, హుసేన్‌సాగరమును దాటి తూర్పు దెసకు పోయినచో ముషీరాబాదు ప్రాంతమున గోల్కొండ చౌరస్తా వచ్చును. పేరునకు గోల్కొండయే గాని కోటకును దానికిని చాల దూరము. అచ్చట ‘హెబ్రోను’ అను క్రైస్తవ ప్రార్థనా మందిరము కలదు. లోనికి పోవువారు పాదరక్షలను వెలుపలనే విడుచుట అచ్చటి ఆచారము. ఆ ఆచారము వెనుక ఒక చరిత్ర కలదు. మతమున బాహ్యనియమ మెంత, అంతశ్శుద్ధి యెంత అను పాత ప్రశ్నయు కలదు.

ఈ కేంద్రమును 1950లో నెలకొల్పిన భక్త్ సింగ్ తెలుగువాడు కాడు. ఆయన 1903లో పంజాబున సిక్కు కుటుంబమున జన్మించెను. 1926లో ఇంజనీరింగు చదువుకొనుటకై ఇంగ్లండు వెళ్లి, అచ్చట తన మతనియమమును విడిచి కేశములు తీయించుకొనెను; పొగత్రాగుట నేర్చెను. పాత నియమము పోయినదే గాని మనసునకు శాంతి రాలేదు. 1928లో కెనడాకు పోవు ఓడలో క్రైస్తవుల ఆరాధన జరుగుచుండగా ఆయన వెళ్లి కూర్చుండెను. అందరును మోకరిల్లిరి. ఆయనకు అభిమానము అడ్డు వచ్చెను. మసీదులలో, గుడులలో చెప్పులు విడిచి మర్యాద చూపితిని గదా, ఇచ్చట మాత్రమేల చూపరాదని తలచి తానును మోకరిల్లెను. మర్యాదకై వంచిన మోకాలితో లోపలి గర్వమును కరగినదని ఆయన తరువాత సాక్ష్యము చెప్పుచుండెడివాడు.

1932లో వాంకూవరులో బాప్తిస్మము పొంది, మరుసటి సంవత్సరము స్వదేశమునకు వచ్చెను. 1941లో మద్రాసున, పిదప హైదరాబాదున ఏర్పడిన ఆయన సంఘములలో బల్లలు లేవు. అందరును నేలమీద చాపలపై కూర్చుందురు. స్త్రీలు తలపై ముసుగు వేసికొందురు. ఆరాధన ముగిసిన పిమ్మట కలసి భోజనము చేయుదురు. ఇవన్నియు బాహ్యాచారములే. కాని కులమును బట్టి పంక్తి ఏర్పడిన దేశమున, ఒకే చాపపై కూర్చుండి ఒకే అన్నము తినుట చిన్న నియమము కాదు. చేతితో చేసిన పని మనసును దిద్దగలదు.

అయినను ప్రతి ఆచారమునకును ఒక ప్రమాదము కలదు. తెల్లని వస్త్రము, నగలు లేని మెడ నిరాడంబరతకు గుర్తులుగా మొదలై, క్రమముగా ఎదుటివాని భక్తిని తూచు త్రాసు కావచ్చును. గిన్నె వెలుపల తోమి లోపలి మురికిని మరచినవారిని క్రీస్తు మందలించెను. వెలుపల తోమవలదని ఆయన చెప్పలేదు. ముందుగా లోపల శుభ్రము చేయుమనెను. మన వేమన కూడ ఆచారపరులను అడిగిన ప్రశ్న ఇదియే.

భక్త్ సింగ్ 2000 సెప్టెంబరు 17న ఈ నగరముననే కన్ను మూసెను. ఆయన అంతిమయాత్రలో వేలాది జనులు నడచిరి. ఆయన నేర్పిన ఆచారములు మిగిలినవి. వానిలో ప్రాణమున్నదో లేదో ఆదివారము తెలియదు. ఆనాడు చాపపై మన ప్రక్కన కూర్చున్నవాడు సోమవారమున మన వాకిటికి వచ్చినపుడు, వానిని ఎచ్చట కూర్చుండబెట్టుదుమో దానిని బట్టి తెలియును.