సముద్రపు మహానౌకయు, నదిలోని చిన్న యోడయు

ఐరోపా ఖండమున జలమార్గమున విహరింపగోరువారికి నేడు రెండు విధములైన యోడలు కలవు. వేలకొలది జనమును ఎక్కించుకొని మధ్యధరా సముద్రమునను, ఉత్తర సముద్రమునను తిరుగు మహానౌక యొకటి. నూటయేబది, నూటతొంబది మందితో రైను, డాన్యూబు నదులలో సాగిపోవు సన్నని నదీనౌక రెండవది. రెండింటను భోజనమును శయ్యయు ఓడలోనే. ఊళ్లు మారును గాని గది మారదు. విదేశములలో స్థిరపడిన మన పిల్లలు తల్లిదండ్రులను ఇట్టి యాత్రలకు తీసికొనిపోవుటయు నేడు కలదు. కావున వీని చరిత్రను, వీని భేదమును గూర్చి నేను కొంత మనవి చేసెదను.

పూర్వకాలమున సముద్రయానము అవసరమే గాని వేడుక కాదు. వర్తకులు, సైనికులు, పొట్ట చేత పట్టుకొని వలసపోవువారు ఓడ లెక్కెడివారు. 1844లో ఇంగ్లండునందలి పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ కంపెనీవారు తమ టపా ఓడలపై మధ్యధరా సముద్రమును చుట్టివచ్చుటకు ప్రయాణికులను ఆహ్వానించిరి. థాకరే అను ఆంగ్ల నవలాకారుడు ఆ యేడే ఆ యాత్ర చేసి, 1846లో దానిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అటుపిమ్మట మన దేశమునుండి చదువులకై ఇంగ్లండు వెళ్లినవారిలో పెక్కురు ఎక్కినవి ఈ కంపెనీ యోడలే.

విహారయాత్రను పెద్ద వ్యాపారముగా మార్చినవాడు జర్మనీ దేశస్థుడైన ఆల్బర్టు బాలిన్. ఆయన హాంబర్గు నగరపు ఓడల కంపెనీలో అధికారి. చలికాలమున అట్లాంటికు సముద్రమును దాటువారు తగ్గుటచే పెద్ద యోడలు రేవులలో ఊరక నిలిచి ఖర్చు తెచ్చుచుండెను. ఆయన 1891 జనవరిలో ఆగస్టా విక్టోరియా అను ఓడను, 241 మంది ప్రయాణికులతో, రెండు నెలల విహారమునకు మధ్యధరా సముద్రమునకు పంపెను. ఆ ప్రయోగము ఫలించుటచే, 1900లో విహారమునకే ప్రత్యేకముగా కట్టిన మరియొక యోడ నీటిలోనికి దిగెను.

1958లో జెట్ విమానములు అట్లాంటికును దాటసాగెను. వారము దినముల ప్రయాణము కొన్ని గంటలలో ముగియుచుండగా, ఊరు చేరుటకై ఓడ నెక్కువా రెవ్వరు? ఓడల కంపెనీలకు మిగిలినది విహార మొక్కటే. అందుచే ఓడలోనే ఈతకొలనులు, నాటకశాలలు, అంగళ్లు పెరిగెను. 1912లో మునిగిన టైటానిక్ సుమారు 46 వేల టన్నుల యోడ. ఈ టన్నులు బరువును గాక ఓడలోని చోటును కొలుచునవి. ఫిన్లండులోని తుర్కు నగరమున కట్టబడి 2024లో తొలియాత్ర చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 2 లక్షల 48 వేల టన్నులకు మించినది. దాని పొడవు 365 మీటర్లు. నిండుగా ఎక్కినచో 7,600 మంది ప్రయాణికులు. మన పక్షమున ఇది ఒక పెద్ద గ్రామపు జనము.

ఇక నదుల మాట. 1816లో తొలి పొగయోడ రైను నదిమీదుగా కొలోను నగరము చేరెను. 1827నుండి కొలోను, మైంజు నగరముల నడుమ ప్రయాణికుల యోడలు క్రమముగా నడచెను. డాన్యూబుపై 1829లో వియన్నాలో కంపెనీ యేర్పడి, 1830లో ఆ నగరమునుండి హంగేరిలోని పెస్టుకు తొలి పొగయోడను నడపెను. అయితే ఆ నదులు పలు రాజ్యముల గుండ పారునవి. రాజ్యమునకొక సుంకము, ఊరికొక హక్కు. 1815లో వియన్నా మహాసభ రైను నదికై ఒక సంఘమును నియమించెను. 1868లో మాన్‌హైము ఒడంబడిక ఆ నదిలో ఓడలు స్వేచ్ఛగా తిరుగు హక్కును స్థిరపరచెను.

రైను, డాన్యూబు పరీవాహములను కలుపవలెనను కోరిక అతి ప్రాచీనము. 793లో షార్లమేన్ చక్రవర్తి అందులకై కాలువ త్రవ్వించెను. పందొమ్మిదవ శతాబ్దమున లుడ్విగ్ రాజు త్రవ్వించిన కాలువ చిన్న పడవలకే సరిపోయెను. తుదకు 1992లో 171 కిలోమీటర్ల కాలువ పూర్తియై, ఉత్తర సముద్రమునుండి నల్ల సముద్రమువరకు నీటిదారి యేర్పడెను. ఆ కాలువ సముద్రమట్టమునకు 406 మీటర్ల యెత్తున కొండను దాటును. ఇందులకు 16 లాకులు కలవు. గోదావరి డెల్టా కాలువలలో లాకులు చూచినవారికి ఆ యేర్పాటు వివరింప బనిలేదు.

ఇచటనే అసలు భేదము కలదు. ఆ లాకుల వెడల్పు 12 మీటర్లు. కనుక నదీనౌక 11.4 మీటర్లకు మించరాదు. పొడవు సాధారణముగా 135 మీటర్లకు మించదు. వంతెనలు పొట్టివి, వాని క్రింద పోవునపుడు చుక్కాని గదిని దించి, పైకప్పుమీది కుర్చీలను మడచి పెట్టుదురు. సముద్రపు టోడను ఆపునది రేవు లోతు, కట్టువాని ధనము. నదీనౌకను ఆపునది నదియే. 2018 శరత్కాలమున రైను మిక్కిలి తగ్గిపోయెను. 2022 వేసవిలో డాన్యూబు ఎండి, 1944లో సెర్బియాలోని ప్రహోవో కడ మునిగిన జర్మను యుద్ధనౌకలు బయటపడెను. అట్టి యేళ్లలో ఓడ నెక్కినవారు కొంతదారి బస్సులలో పోవలసివచ్చెను. 2013 జూనులో పస్సౌ పట్టణమున నీరు 12.89 మీటర్లకు పెరుగగా ఓడలు నిలిచిపోయెను.

యాత్రికుని దృష్టిలో రెండింటికిని గుణములున్నవి. మహానౌకలో వినోదములు మెండు. కొన్ని దినములు నేల కనబడదు. నదీనౌకలో కాలక్షేపము తక్కువ. అయినను ఒడ్డు ఎల్లప్పుడును కన్నులయెదుట నుండును, దిగినచోట ఊరి నడిబొడ్డు. అయితే యాత్రికుడు నాలుగు దినములు చూచి పోవును. రేవువాడు అక్కడనే బ్రతుకవలెను. వాని దృష్టియు మనము విచారింపవలెను.

2019 జూన్ 2న వెనిసు నగరములో సుమారు 65 వేల టన్నుల విహారనౌక యొకటి అదుపుతప్పి, గట్టునకు కట్టియున్న ఒక నదీనౌకను గ్రుద్దెను, కొందరు గాయపడిరి. పెద్దది చిన్నదానిని గ్రుద్దినదని మనము ఊరకుండరాదు. అంతకు నాలుగు దినముల ముందు, మే 29 రాత్రి, బుడాపెస్టులో 135 మీటర్ల నదీనౌక యొకటి 27 మీటర్ల విహారపడవను గ్రుద్దగా, అందలి 35 మందిలో 28 మంది ప్రాణములు కోల్పోయిరి. సముద్రపు టోడ ప్రక్క చిన్నదైనది, పడవ ప్రక్క కొండయే.

2021 ఆగస్టు 1నుండి ఇటలీ ప్రభుత్వము 25 వేల టన్నులకు మించిన యోడలను వెనిసు నడుమనున్న జుదెక్కా కాలువలోనికి రానీయలేదు. నదీనౌకలకును మినహాయింపు లేదు. అవి చిన్నవైనను లెక్కకు మిక్కిలియైనపుడు భారమే. హాలండులోని ఆంస్టర్‌డాం నగరము తన రేవునకు వచ్చు నదీనౌకలను 2028 నాటికి సగమునకు తగ్గింప 2024లో నిర్ణయించినది.

కావున పెద్దయోడ చెడ్డది, చిన్నయోడ మంచిది యని నేను తీర్పు చెప్పజాలను. నదికి లాకు కలదు. అది పట్టినంతనే పోనిచ్చును. సముద్రమునకు అట్టి లాకు లేకపోగా, వెనిసువారు చట్టముతో దానిని కట్టుకొనిరి. రేవు ఎంత మందికి నీరును నీడయు ఈయగలదో రేవువారికే తెలియును. ఓడ కొలతను నిర్ణయించు అధికారము వారికుండుట న్యాయము. శ్రోతలలో నెవరైనను అట్టి యాత్రకు పోవుచో, ఓడలోని వేడుకలతోబాటు దిగిన ఊరి జనుల మొగములను గూడ ఒకసారి చూచి రావలెనని నా మనవి.