సంతాపానికి కట్టిన రుసుము

దుఃఖాన్ని చెప్పే ఇంగ్లిషు మాటల స్పెల్లింగును కుదించే ప్రయత్నం ఒకసారి అధికారికంగానే జరిగింది. 1906లో అమెరికాలో ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో ఏర్పడిన సింప్లిఫైడ్ స్పెల్లింగ్ బోర్డు 300 మాటల జాబితా విడుదల చేసింది. బాధపడ్డామని చెప్పే ‘డిస్ట్రెస్డ్’ చివర మూడక్షరాలు పోయి వాటి చోట ‘టీ’ ఒక్కటే వచ్చింది. శోకమనే అర్థమున్న ‘డోలర్’లోంచి ‘యూ’ తొలగింది. ఆ ఆగస్టులోనే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వ ముద్రణాలయం ఈ స్పెల్లింగులే వాడాలని ఆదేశించాడు. డిసెంబరులో ప్రతినిధుల సభ ఒప్పుకోకపోవడంతో వెనక్కి తగ్గాడు. బోర్డుకు చేతకాని పనిని సుమారు వందేళ్ల తర్వాత ఢిల్లీ కరోల్ బాగ్‌లోని గఫార్ మార్కెట్ లాంటి చోట్ల అమ్ముడైన చిన్న ఫోన్లు చేసిపెట్టాయి. మాట పంపడానికి అయ్యే ఖర్చే స్పెల్లింగును మారుస్తుందని ఈ రెండు ఘట్టాలూ కలిపి చూస్తే తేలుతుంది.

ఈ రెంటి మధ్యకాలంలో నడిచిన టెలిగ్రామే (తంతి) ఇందుకు మంచి సాక్ష్యం. దేశవిభజన తర్వాత శరణార్థులతో నిండిన కరోల్ బాగ్‌కైనా, ఆ పక్కనే ప్రసాద్ నగర్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడికి పిల్లల్ని పంపిన తెలుగు కుటుంబాలకైనా, దూరాన ఉన్నవాళ్ల చావు కబురు త్వరగా అందాలంటే తంతే దిక్కు. తంతిలో రుసుము మాటల లెక్కన పడేది. అందువల్ల అక్షరాలు మిగిల్చి లాభం లేదు, మాటలు మిగల్చాలి. జనం క్రియలూ మర్యాదలూ కోసేశారు గాని స్పెల్లింగు జోలికి పోలేదు. శుభాకాంక్షలకూ సంతాపానికీ తంతి తపాలా శాఖే అంకెలు వేసిన సిద్ధ వాక్యాలు ఇచ్చింది. 2013 జులైలో ఆ సేవ ఆగిపోయేదాకా పద్ధతి ఇదే.

ఎస్సెమ్మెస్ వచ్చాక లెక్క తిరగబడింది. అక్కడ కొలత అక్షరాలది. ఇంగ్లిషు లిపిలో ఒక సందేశానికి 160, తెలుగు లిపిలో 70. ‘నాన్నగారు’ కంటికి నాలుగక్షరాలే అయినా గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కేస్తే ఫోనుకు తొమ్మిది. ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా తొమ్మిదే. మాట పొడవు ఒకటే, తెలుగు లిపికి దొరికే చోటు మాత్రం సగానికన్నా తక్కువ. తెలుగు దుఃఖం ఇంగ్లిషు లిపిలోకి మారడానికీ, ఇంగ్లిషు సంతాప సందేశం పాత ‘ఆర్‌ఐపీ’ (రెస్ట్ ఇన్ పీస్) ఒక్కదానికే కుదించుకుపోవడానికీ ఈ కొలత గట్టి కారణం.

ఆ ఫోన్లలో తెలుగు ఫాంట్లే లేవు కదా, ధరనెందుకు తప్పుపట్టాలని అడగొచ్చు. నిజమే, తొలినాళ్లలో అదే పెద్ద అడ్డంకి. కాని ఫాంటు లేకపోవడం తెలుగు లిపిని ఆపుతుందే తప్ప, ఇంగ్లిషు మాటలను ఇంగ్లిషువాళ్లే ఎందుకు కత్తిరించారో చెప్పదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: వాట్సాప్‌లో అక్షరానికి రుసుము లేకపోయినా ‘ఆర్‌ఐపీ’ పోలేదెందుకని. ధర పెంచిన అలవాటు ధర పోగానే పోదు. వేలికి శ్రమ తగ్గించేదైతే మరీ నిలుస్తుంది. శ్రమ కూడా ఒక ఖర్చే కాబట్టి వాదన చెడదు, విస్తరిస్తుంది. పొట్టి సంతాపం చచ్చినవాళ్లకు అగౌరవమనే మాట కూడా నిలవదు. అంకె వేసి పంపిన తంతిని అందుకున్న ఇల్లు దాన్ని పరామర్శగానే తీసుకుంది. సంతాపం తెలుగు లిపిలో నిండుగా రావాలని కోరేవాళ్లు జనాన్ని మందలించే ముందు, తెలుగులో టైపు చెయ్యడం ఇంగ్లిషులో కన్నా తేలికయ్యే కీబోర్డు కోసం పట్టుబట్టాలి.