పరీక్ష ఎప్పుడు, ఎందుకు? హెచ్.ఐ.వి. నిర్ధారణ చరిత్ర నేర్పే పాఠం

"కండోమ్ వాడినా హెచ్.ఐ.వి. సోకుతుందా? పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?" యువతీయువకులు పెద్దల్ని అడగలేక లోలోపల దాచుకునే ప్రశ్న ఇది. దీనికి నేడు స్పష్టమైన సమాధానం ఉంది. అయితే ఆ సమాధానం ఒక్కరోజులో తయారైంది కాదు. దాని వెనుక కొన్ని దశాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను వరుసగా పరిశీలిద్దాం.

మన దేశంలో కండోమ్ మొదట కుటుంబ నియంత్రణ సాధనంగానే ప్రచారం పొందింది. 1968లో కేంద్ర ప్రభుత్వం 'నిరోధ్' పథకాన్ని ప్రారంభించి, 15 పైసలకు మూడు చొప్పున అమ్మించింది. టీపొడి, సబ్బులు అమ్మే పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థ ద్వారా అది చిన్న చిన్న దుకాణాలకు చేరింది. అప్పటికి హెచ్.ఐ.వి. అనే మాట ప్రపంచానికే తెలియదు.

1981 జూన్‌లో అమెరికాలో ఈ వ్యాధి తొలి కేసులు నమోదయ్యాయి. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనికి కారణమైన వైరస్‌ను వేరుచేశారు. 1985లో 'ఎలీసా' అనే రక్తపరీక్షకు అమెరికాలో అనుమతి లభించింది. దాని తొలి ఉద్దేశం దానం చేసిన రక్తాన్ని వడపోయడం.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఆనాటి ఎలీసా పరీక్ష వైరస్‌ను చూడదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను చూస్తుంది. ఇది దొంగను చూసి కాక, ఇంటివాళ్ళు లేచిన అలికిడిని బట్టి దొంగతనాన్ని గుర్తించడం వంటిది. ఇంటివాళ్ళు లేవకముందే వచ్చి చూస్తే అంతా ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఈ వ్యవధినే 'విండో పీరియడ్' అంటారు. ఆ కాలంలో పరీక్షలో 'నెగెటివ్' వచ్చినా వైరస్ శరీరంలో ఉండే అవకాశం ఉంది.

మన దేశంలో ఈ చరిత్ర 1986లో చెన్నైలో మొదలయింది. మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యులు డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి కొందరు సెక్స్ వర్కర్ల రక్తనమూనాలను సేకరించారు. వాటిని వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో పరీక్షించగా ఆరు నమూనాలు పాజిటివ్‌గా తేలాయి. "ఈ జబ్బు పాశ్చాత్య దేశాలది, మనకు రాదు" అన్న నమ్మకం అంతటితో వీగిపోయింది.

పరీక్ష వచ్చింది గాని, దానిని ఎలా వాడాలో సమాజానికి తెలియలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు హెచ్.ఐ.వి. పాజిటివ్ అని తేలింది. ఆయన స్వచ్ఛందంగా రక్తదానం చేసిన వ్యక్తి. పోలీసులు ఆయన్ను తీసుకువెళ్ళి 64 రోజులు నిర్బంధంలో ఉంచారు. పరీక్ష అంటే శిక్ష అయితే, దానికి ఎవరు ముందుకు వస్తారు? ఈ ప్రశ్నకు జవాబు మెల్లగా రూపుదిద్దుకుంది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. తరువాతి సంవత్సరాల్లో పరీక్షకు ముందు, తరువాత కౌన్సెలింగ్ ఇచ్చే కేంద్రాలు వచ్చాయి. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స మొదలయింది. 2017లో చేసిన, 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి.

మరి కండోమ్ ఎంతవరకు కాపాడుతుంది? యూరప్‌లో ఒకరికి హెచ్.ఐ.వి. ఉండి మరొకరికి లేని జంటలను పరిశీలించిన ఒక అధ్యయనం 1994లో వెలువడింది. ప్రతిసారీ కండోమ్ వాడిన 124 జంటల్లో, దాదాపు 15,000 కలయికల తరువాత కూడా, ఒక్కరికీ వైరస్ సోకలేదు. అప్పుడప్పుడు మాత్రమే వాడిన 121 జంటల్లో 12 మందికి సోకింది. 2002లో ఇటువంటి అనేక అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, ఎప్పుడూ కండోమ్ వాడితే వ్యాప్తి సుమారు 80 శాతం తగ్గుతుందని తేలింది. దీని అర్థం వాడినవారిలో 20 శాతం మందికి సోకుతుందని కాదు. వాడకపోతే 100 మందికి సోకే చోట, వాడితే సుమారు 20 మందికి సోకుతుందని. పైగా ఈ లెక్కలు భాగస్వామికి వైరస్ ఉన్న జంటలవి. చికిత్సతో రక్తంలో వైరస్ గుర్తించలేనంతగా తగ్గిన వ్యక్తి నుంచి లైంగికంగా అది సోకదని కూడా నేడు రుజువయింది.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానం ఇది. మొదటినుంచి చివరివరకు కండోమ్ చిరగకుండా, జారకుండా ఉంటే ప్రమాదం చాలా స్వల్పం. నూనె, వాజలైన్ వంటివి రబ్బరును బలహీనపరుస్తాయి గనుక వాటిని వాడకూడదు. కండోమ్ చిరిగితే పరీక్ష కోసం వారాల తరబడి ఎదురుచూడకుండా, వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా వైద్యుణ్ణి కలవాలి. అవసరమనుకుంటే 28 రోజుల నివారణ మందులు ఇస్తారు.

పరీక్ష విషయానికి వస్తే, ప్రతిరక్షకాలతోపాటు వైరస్ భాగమైన పి24 ప్రతిజనకాన్ని కూడా గుర్తించే ప్రయోగశాల పరీక్షలు సాధారణంగా 18 నుంచి 45 రోజుల్లో, ప్రతిరక్షకాలను మాత్రమే చూసే త్వరిత పరీక్షలు 23 నుంచి 90 రోజుల్లో వైరస్ సోకిన విషయాన్ని పట్టుకుంటాయి. మరునాడే పరీక్ష చేయించుకుని ఊరట పొందడంలోగాని, మూడు నెలలు దాటి నెగెటివ్ వచ్చినా, మధ్యలో కొత్త ప్రమాదం లేకపోయినా, మళ్ళీ మళ్ళీ చేయించుకోవడంలోగాని అర్థం లేదు. ఒక పరీక్షలో పాజిటివ్ వచ్చినా తుది నిర్ధారణ కాదు. వేర్వేరు కిట్లతో సరిచూసి చెబుతారు. ఫలితం తెలుసుకోవడానికి రక్తదానం చేయడం మాత్రం పెద్ద తప్పు. విండో పీరియడ్‌లో ఉన్న రక్తం మరొకరి ప్రాణం మీదికి తేవచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం, గోప్యం. 1097 నంబరుకు ఫోన్ చేసి సందేహాలు అడగవచ్చు. 1989లో ఒక యువకుణ్ణి నిర్బంధానికి పంపిన పరీక్షే ఈనాడు చికిత్సకు తొలిమెట్టు అయింది. ఆ హక్కు ఎంత కష్టపడితే వచ్చిందో తెలిసినవారు దానిని వినియోగించుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.